ఒకే వాన, ఎవరి డ్రెయిన్ వారిదే: భిలాయ్ వాన నీటి నిబంధనలను ఎందుకు మార్చాలి?

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి వచ్చే నీటికి లెక్క పక్కాగా ఉంటుంది. తాండులా, గోండ్లీ, ఖర్ఖరా జలాశయాల నుంచి, మహానది మీదున్న గంగ్రేల్ నుంచి కాలువల్లో నీళ్లు వచ్చి మరోదా జలాశయంలో చేరతాయి. ఎంత నీరు ఇవ్వాలో ఒప్పందాలుంటాయి, బిల్లులుంటాయి. వేసవిలో మట్టం పడిపోతే అది వార్త అవుతుంది.

అదే ఊరి మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వానకు మాత్రం అలాంటి లెక్క లేదు. దుర్గ్ జిల్లాలో ఏడాదికి సగటున 1,100 మిల్లీమీటర్లకు అటూఇటూగా వర్షం కురుస్తుంది. అందులో చాలా భాగం ఈ నాలుగు నెలల్లోనే. ఆ నీరు ఇంటి చూరు నుంచి రోడ్డు మీదికి, రోడ్డు నుంచి డ్రెయిన్‌లోకి, డ్రెయిన్ నుంచి నాలాలోకి పోతుంది. ఎక్కడ ఎంత వేగంగా పోవాలి, కింద ఉన్న నాలా ఎంత పట్టగలదు అన్న ప్రశ్న ఇంటి ప్లాన్ మంజూరు చేసే కాగితంలో ఎక్కడా కనిపించదు.

నగరాల వాన నీటి నిబంధనలు ఆ ప్రాంతపు నదీ ప్రణాళికతో కలిసి నడవాలన్న మాట కొత్తదేమీ కాదు. నీటి ప్రణాళికకు నదీ పరీవాహక ప్రాంతమే ప్రాతిపదికగా ఉండాలని 2012 జాతీయ జల విధానం చెప్పింది. పట్టణ వరదల మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే చెప్పాయి: వార్డు సరిహద్దును కాదు, నీరు పారే సరిహద్దును చూడండి అని. చెప్పడం అక్కడ ఆగింది. భిలాయ్ లాంటి ఊళ్లో ఆ మాటను అమల్లో పెట్టాలంటే ఏం మారాలి, మారకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుంది అన్నదే ఇక్కడ చూడాల్సింది.

నీళ్లు ఎటు పోతాయి?

మ్యాపు చూస్తే విషయం సగం అర్థమవుతుంది. భిలాయ్‌కి పడమర దుర్గ్ పక్కనుంచి శివనాథ్ నది పారుతుంది. తూర్పున కుమ్హారి దాటితే ఖారూన్. రెండు నదుల మధ్య, పెద్దగా వాలు లేని మైదానం మీద ఊరు కూర్చుంది. ఖారూన్ కూడా కొంత దూరం పోయాక సిమ్‌గా దగ్గర శివనాథ్‌లోనే కలుస్తుంది కాబట్టి, నీరు ఏ పక్కకు జారినా చివరికి చేరేది శివనాథ్‌కే. శివనాథ్ శివరీనారాయణ్ సమీపంలో మహానదిలో కలుస్తుంది. అక్కడి నుంచి హీరాకుడ్, ఆపైన ఒడిశా.

ఈ నది మీద రెండు రాష్ట్రాల మధ్య వివాదం నడుస్తోంది. మహానది జల వివాదాల ట్రైబ్యునల్‌ను కేంద్రం 2018 మార్చిలో ఏర్పాటు చేసింది. ఎండాకాలంలో నీరు రావడం లేదు, ఎగువన బ్యారేజీలు కట్టేశారు అన్నది ఒడిశా ఫిర్యాదు. భిలాయ్ మీద పడే వాన హీరాకుడ్‌ను నింపేదీ కాదు, ముంచేదీ కాదు. అంత గొప్ప అంచనాలు అక్కర్లేదు. కానీ పరీవాహక ప్రాంతం లెక్క తేల్చేటప్పుడు ఎగువన ఉన్న ప్రతి నగరం వానను ఎంత తొందరగా వదిలించుకుంటోంది, ఎంత భూమిలోకి ఇంకనిస్తోంది అన్నదీ ఆ లెక్కలో భాగమే.

స్థానికంగా అంతకంటే దగ్గరి చిక్కు ఒకటుంది. ఎగువన అంబాగఢ్ చౌకీ దగ్గర శివనాథ్ మీద మోంగ్రా బ్యారేజీ ఉంది. గట్టి వానలప్పుడు దాని గేట్లు ఎత్తితే దుర్గ్ దగ్గర నది మట్టం పెరుగుతుంది. నది నిండుగా ఉంటే అందులో కలవాల్సిన నాలాలు కలవలేవు. నీరు వెనక్కి తంతుంది. డ్రెయిన్ ఎంత వెడల్పు చేసినా ఆ పూట ప్రయోజనం ఉండదు, ఎందుకంటే కింద తలుపు మూసుకుపోయింది. బ్యారేజీ నడిపేది జలవనరుల శాఖ, డ్రెయిన్ కట్టేది కార్పొరేషన్. నది ఫలానా మట్టంలో ఉన్నప్పుడు నగరం గంటకు ఎంత నీరు వదలొచ్చు అన్న ప్రశ్న ఈ రెండింటిలో ఎవరి ఫైలుకూ చెందదు.

తెలుగు పాఠకులకు ఇది విజయవాడలో చూసిన దృశ్యమే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు, దాని మళ్లింపు కాలువ వెళ్లి కలిసే కృష్ణ కూడా పోటు మీదే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. కాలువ సామర్థ్యాన్ని నది మట్టంతో కలిపి చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

అప్పటి ఊరు, ఇప్పటి ఊరు

భిలాయ్ కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో జరిగింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దాని పక్కనే సెక్టార్లుగా టౌన్‌షిప్ వేశారు. విశాలమైన రోడ్లు, క్వార్టర్ చుట్టూ ఖాళీ జాగా, చెట్లు, మైదానాలు. వాన నీటి గురించి ప్రత్యేకంగా ఆలోచించినా ఆలోచించకపోయినా, ఆ ఖాళీ జాగానే వానను పీల్చుకునేది. అదొక నిబంధనలా పనిచేసింది, రాసి లేకపోయినా.

కర్మాగారం కట్టడానికి, నడపడానికి వచ్చినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఉద్యోగం దొరికినవాళ్లు సెక్టార్లలోకి వెళ్లారు. కాంట్రాక్టు కూలీలుగా ఉన్నవాళ్లు, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఖుర్సీపార్, క్యాంపు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. ఇప్పటికీ ఆ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. సెక్టార్‌కు ఒక ప్లాన్ ఉంది. బస్తీకి లేదు. ఇల్లు ముందు వచ్చింది, రోడ్డు తర్వాత, డ్రెయిన్ ఆ తర్వాత. చాలా చోట్ల నాలా అంచే ఇంటి స్థలం అయింది.

ఈలోగా సెక్టార్లు కూడా మారాయి. పెరటి జాగాలో కారు షెడ్డు, సిమెంటు నేల. రోడ్డు పక్క మట్టి మీద టైల్స్. ఒక్కో ఇంటి ముందు చూస్తే అది పది అడుగుల వెడల్పు సిమెంటు మాత్రమే. వేల ఇళ్లకు కలిపితే వానను పీల్చుకునే నేల ఆ మేరకు పోయినట్టు.

పరిపాలన చూస్తే మరింత గజిబిజి. భిలాయ్ నగర్ నిగమ్ ఉంది. దాని నుంచి కొన్నేళ్ల కిందట విడిపోయిన రిసాలి నిగమ్ ఉంది. తూర్పున భిలాయ్-చరోదా నిగమ్, పడమర దుర్గ్ నిగమ్, ఉత్తరాన జామూల్ మునిసిపాలిటీ. టౌన్‌షిప్ రోడ్లు, డ్రెయిన్లు చూసుకునేది స్టీల్ ప్లాంటు నగర సేవల విభాగం. మధ్యలో హావ్‌డా-ముంబయి రైలు మార్గం కట్ట వేసినట్టు ఊరిని చీలుస్తుంది. దాని కింది నుంచి నీరు ఎక్కడ దాటాలో నిర్ణయించేది రైల్వే. జాతీయ రహదారి కింది కల్వర్టులు ఇంకొకరివి. ఒక వాన చుక్క సెక్టార్‌లో పడి నది చేరేలోగా నలుగురైదుగురు యజమానుల చేతులు మారుతుంది. ఒకరు తన డ్రెయిన్ వెడల్పు చేస్తే, ఆ నీరు తర్వాతివాళ్ల ఇరుకు కల్వర్టు దగ్గర అంతే వేగంగా ఆగిపోతుంది. వానాకాలంలో రైల్వే అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచిన ఫొటోలు మామూలైపోయాయి. అవి చూసి డ్రెయిన్ శుభ్రం చేయలేదని కార్పొరేషన్‌ను తిట్టడం సులువు. తిట్టడం తప్పేమీ కాదు గానీ, పూడిక తీసినంత మాత్రాన ఈ లెక్క సరిపోదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఇంజినీర్లు వాడే ఒక సాదా సూత్రం ఉంది. ఎంత విస్తీర్ణం, గంటకు ఎంత వాన, పడిన దాంట్లో ఎంత వంతు నేల మీద పారుతుంది. ఈ మూడింటినీ గుణిస్తే డ్రెయిన్‌లోకి వచ్చే ప్రవాహం తెలుస్తుంది.

వంద హెక్టార్ల ప్రాంతం తీసుకుందాం, సుమారు 247 ఎకరాలు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన. చెట్లు, మట్టి, ఖాళీ జాగా ఉన్న చోట పడిన దాంట్లో 30 శాతం పారుతుందనుకుంటే, వచ్చే ప్రవాహం సుమారు 147 క్యూసెక్కులు. అదే ప్రాంతాన్ని కప్పులతో, సిమెంటుతో నింపి 80 శాతం పారేలా చేస్తే 392 క్యూసెక్కులు. వాన పెరగలేదు, ఊరు మారింది.

ఇప్పుడు డ్రెయిన్ వైపు చూద్దాం. దేశంలో చాలా నగరాల డ్రెయిన్లు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు వేసినవేనని విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 20 మిల్లీమీటర్ల లెక్కన కట్టుకున్న డ్రెయిన్, పూర్తిగా సిమెంటు పరిచిన మన వంద హెక్టార్ల నుంచి 157 క్యూసెక్కులు మోస్తుంది. 392 వస్తే మిగతా 235 రోడ్డు మీదే ఉంటుంది. దీనికి ఎవరి అవినీతీ అక్కర్లేదు, పూడికా అక్కర్లేదు. అవి ఉంటే ఇంకా ఘోరం.

కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ 1993 మాన్యువల్‌లో శివారు నివాస ప్రాంతాల డ్రెయిన్లు ఏడాదికి రెండుసార్లు పొంగినా ఫర్వాలేదన్న ప్రమాణం ఉండేది. వాణిజ్య ప్రాంతాలకైతే రెండేళ్లకోసారి. అంటే శివార్లలో ఉండేవాళ్లు మునగడం డిజైన్‌లోనే ఉంది. 2019లో వచ్చిన వాన నీటి పారుదల మాన్యువల్ ఈ ప్రమాణాన్ని మెరుగుపరిచింది, స్థానిక వర్షపాత రికార్డుల నుంచి తీవ్రత లెక్క కట్టమంది. అయితే మాన్యువల్ చట్టం కాదు. కొత్త డ్రెయిన్‌కు నిధులు అడిగేటప్పుడు దాన్ని చూస్తారు. కొత్త అపార్టుమెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు చూడరు.

ఇంకుడు గుంత ఉంటే చాలదా?

చాలదు. ఈ ఒక్క విషయం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు.

ఛత్తీస్‌గఢ్‌లో భవన నిర్మాణాన్ని నియంత్రించేది భూమి వికాస్ నిబంధనలు. 1984లో ఉమ్మడి మధ్యప్రదేశ్ చేసినవి, 2000 నవంబరులో రాష్ట్రం విడిపోయాక ఇక్కడికి వచ్చాయి. తర్వాత వాటిలో వాన నీటి సంరక్షణ షరతు చేరింది. ప్లాన్ మంజూరుకు డిపాజిట్ కట్టించుకుని, గుంత కట్టి చూపిస్తే తిరిగి ఇచ్చే పద్ధతి. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా భవన నిబంధనలు 100 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలన్నింటికీ ఇలాంటి ఏర్పాటు ఉండాలన్నాయి.

దీని ఉద్దేశం భూగర్భ జలాన్ని పెంచడం. మంచిదే. 150 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 1,100 మిల్లీమీటర్లు పడితే, కొంత నష్టం పోను లక్షా 30 వేల లీటర్ల పైచిలుకు నీరు. కానీ వరద ఏడాది లెక్కన రాదు, గంట లెక్కన వస్తుంది. ఆ కప్పు మీదే గంటలో 50 మిల్లీమీటర్లు పడితే 7,500 లీటర్లు. మీటరున్నర పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతున్న గుంత పరిమాణం 4,500 లీటర్లు. అందులో కంకర నింపాక నీటికి మిగిలే చోటు అందులో 40 శాతం, అంటే 1,800 లీటర్లు. పావుగంటలో నిండిపోతుంది. మిగతాదంతా రోడ్డు మీదికే.

ఇంకేంత నీరు ఇంకుతుందిగా అంటారా? అది నేలను బట్టి. ఛత్తీస్‌గఢ్ రైతు నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు. భాటా అంటే ఎర్రటి మొరం నేల, నీరు చకచకా దిగుతుంది. మటాసీ పసుపు రంగు తేలిక నేల. డోర్సా దానికీ నల్లనేలకూ మధ్యరకం. కన్హార్ అంటే మన నల్లరేగడి లాంటిది. ఒకసారి తడిసి ఉబ్బితే నీరు కిందికి పోనివ్వదు. ఎక్కడ వరి పండుతుందో, ఎక్కడ పండదో ఈ నాలుగు మాటలతో చెప్పేస్తారు. నగర నిబంధన మాత్రం భాటా మీదున్న ఇంటికీ, కన్హార్ మీదున్న ఇంటికీ ఒకే గుంత అంటుంది. కన్హార్‌లో తవ్విన గుంత ఆగస్టులో నీళ్ల తొట్టి. అక్కడ కావాల్సింది ఇంకుడు గుంత కాదు, నీటిని కొన్ని గంటలు ఆపి సన్నని గొట్టం ద్వారా నెమ్మదిగా వదిలే తొట్టి. ఇంకించడం వేరు, ఆపి వదలడం వేరు. మన నిబంధనల్లో మొదటిది ఉంది, రెండోది లేదు.

ఒక్క అంకె చేర్చితే

ఆ రెండోదాన్ని నిబంధనగా రాయడం కష్టమేమీ కాదు. అమెరికాలో షికాగో చుట్టూ ఉన్న కుక్ కౌంటీని చూడొచ్చు. అక్కడ డజన్ల కొద్దీ మునిసిపాలిటీలు ఉన్నాయి, నీటిని పట్టించుకునే ప్రాంతీయ సంస్థ ఒకటుంది. అది 2014లో పరీవాహక నిర్వహణ ఆర్డినెన్స్ అమల్లోకి తెచ్చింది. పెద్ద నిర్మాణం ఏది చేపట్టినా, వందేళ్లకోసారి వచ్చే స్థాయి వానలో కూడా ఎకరానికి 0.30 క్యూసెక్కులకు మించి బయటికి వదలకూడదు. మిగతాది స్థలంలోనే ఆపుకోవాలి. 2020 నుంచి ఈ అంకెను ఒకే రకంగా ఉంచకుండా ఏ ఉపనది పరీవాహకానికి ఆ పరిమితి పెట్టారు. ఇరుకైన ఏరు ఉన్న చోట తక్కువ, ఎక్కువ పట్టే చోట ఎక్కువ. వర్షపాత లెక్కలనూ కొత్త రికార్డులతో మార్చారు. ఊళ్లు తమ సొంత నిబంధనలు ఇంతకంటే కఠినంగా పెట్టుకోవచ్చు, సడలించడానికి వీల్లేదు.

మన ఉదాహరణతో పోల్చండి. 247 ఎకరాల నుంచి 392 క్యూసెక్కులంటే ఎకరానికి దాదాపు 1.6. సిమెంటు వేయకముందు 0.6. షికాగో అంకెను తెచ్చి భిలాయ్‌లో అతికించడం తెలివైన పని కాదు, అక్కడి వానా వేరు, నేలా వేరు. తెచ్చుకోవాల్సింది పద్ధతి: ముందు నది, ఆపైన నాలా, ఆపైన ప్లాటు. కింది నుంచి పైకి లెక్క కట్టుకుంటూ రావాలి. కోసానాలా ఎంత మోయగలదు, తేల్హా నాలా ఎంత, దుర్గ్‌లో శంకర్ నాలా ఎంత అని కొలిచి, దాన్ని ఎగువన ఉన్న ఎకరాలతో భాగిస్తే ఒక్కో నాలాకు ఒక్కో అంకె వస్తుంది. ఆ అంకె భిలాయ్ నిగమ్‌కూ రిసాలికీ టౌన్‌షిప్‌కూ రైల్వేకీ ఒకటే కావాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, భూమి వికాస్ నిబంధనల్లో సవరణ సరిపోతుంది. సందర్భం కూడా కుదిరింది. రాయ్‌పూర్, నవా రాయ్‌పూర్, దుర్గ్-భిలాయ్‌లను కలిపి రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ కోసం ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2025 జులైలో బిల్లు ఆమోదించింది. ఖారూన్‌కు రెండు పక్కలా ఉన్న నగరాలను ఒకే ప్రణాళిక కిందికి తెచ్చే మొదటి ప్రయత్నం ఇది. ఆ ప్రణాళిక రోడ్లు, మెట్రోలతో మొదలైతే నాలాలు మళ్లీ మిగిలిన జాగాలోకి పోతాయి.

అంతకుముందు ప్రభుత్వం 2019లో ‘నర్వా, గర్వా, ఘుర్వా, బారీ’ పథకం తెచ్చింది. నర్వా అంటే వాగు. వాగులకు చిన్నచిన్న అడ్డుకట్టలు వేసి నీటిని నెమ్మదింపజేయడం అందులో ఒక భాగం. రాజకీయంగా దాని మీద ఎన్ని వాదాలైనా ఉండొచ్చు, ఆలోచన మాత్రం ఇక్కడ చెబుతున్నదే. అది గ్రామాల పథకం కావడంతో, ఊళ్లో నర్వాగా ఉన్న అదే వాగు నగరంలోకి వచ్చేసరికి నాలా అయి, పథకం బయట పడింది. ఇంకా వెనక్కి వెళితే దుర్గ్ జిల్లాలోనే ధమ్‌ధా ఉంది. ‘ఛై ఆగర్ ఛై కోరీ’ చెరువుల ఊరని దానికి పేరు. కోరీ అంటే ఇరవై. ఆరు ఇరవైలు, పైన ఆరు, మొత్తం 126. వానను ఆపి వదలడం ఈ ప్రాంతానికి షికాగో నేర్పాల్సిన విద్య కాదు. ఇక్కడి చెరువులను కాపాడే నిబంధనలోనూ ఒక సందు ఉంది: 2017 చిత్తడి నేలల నిబంధనలు తాగునీటికి, సాగునీటికి మనుషులు తవ్వుకున్న చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. భిలాయ్ చుట్టూ మిగిలిన చెరువులకు రక్షణ కావాలంటే అది నగర ప్రణాళికలోనే రావాలి.

అంకె లేకపోతే ఎవరికి నష్టం?

నిబంధనలో అంకె లేనప్పుడు, ముంపు వచ్చిన ప్రతిసారీ ఒకే పరిష్కారం మిగులుతుంది: నాలా వెడల్పు చేయడం. నాలా వెడల్పు చేయాలంటే అంచున ఉన్న ఇళ్లు తీయాలి. హైదరాబాద్‌లో 2000 ఆగస్టు వరదల తర్వాత మొదలైన ఈ చర్చ 2020 అక్టోబరు మీదుగా 2024లో హైడ్రా దాకా వచ్చింది. ఆక్రమణను ఎవరూ సమర్థించరు. కానీ ఎగువన పది ఎకరాల్లో సిమెంటు పరిచి నీటిని మూడు రెట్లు చేసిన భవనం అనుమతి ఉన్నది కాబట్టి సక్రమం. ఆ నీరు వచ్చి చేరే చోట రేకుల ఇల్లు అనుమతి లేనిది కాబట్టి అక్రమం. వరదను పుట్టించినవాడి పేరు ఏ నోటీసులోనూ ఉండదు.

భిలాయ్‌లో నాలాల వెంట ఉన్న ఇళ్లలో కర్మాగారాన్ని కట్టినవాళ్ల మనవలు ఉన్నారు. చాలామందికి పట్టా కాగితం అసంపూర్తి. ఎగువన విడుదల పరిమితి పెడితే నాలా ఎంత వెడల్పు కావాలో ఆ మేరకు తగ్గుతుంది, తీయాల్సిన ఇళ్లూ తగ్గుతాయి. ఖర్చు మాత్రం చేతులు మారుతుంది: పెద్ద ప్లాట్ల యజమానులు, మాల్స్, సంస్థలు తమ స్థలంలో తొట్టి కట్టుకోవాలి. టౌన్‌షిప్‌కు ఇందులో మేలే. కొత్త తొట్లు తవ్వకుండానే మైదానాలను, పార్కులను ఒక అడుగు పల్లం చేసి, వాన పడ్డ కొన్ని గంటలు నీరు నిలవనిస్తే చాలు. హెక్టారు మైదానంలో అడుగు లోతు నీరంటే 30 లక్షల లీటర్లు.

మొదట కావాల్సింది డబ్బు కూడా కాదు, కొలతలు. ప్రతి నాలాకు అడ్డుకోత ఎంత, రైలు కట్ట కింద ఉన్న తూముల సైజు ఎంత, శివనాథ్ ఏ మట్టం దాటితే ఏ నాలా ఆగిపోతుంది. ఇవి ఇప్పుడు ముక్కలు ముక్కలుగా నిగమ్‌లు, ప్లాంటు, రైల్వే, జలవనరుల శాఖ దగ్గర విడివిడిగా ఉంటాయి. వాటిని ఒక మ్యాపు మీదికి తేవడానికి ఒక వేసవి సరిపోతుంది. తెచ్చిన మ్యాపును ప్రతి వార్డు కార్యాలయంలో హిందీలో, ఖుర్సీపార్ లాంటి చోట్ల తెలుగులో కూడా గోడకు తగిలిస్తే, తమ నాలాలోకి ఎవరి నీరు వస్తోందో అక్కడివాళ్లే చదువుకోగలరు.